ఉస్తాదు నుంచి శిక్షకుడి దాకా: సైబరాబాద్ రహదారులపై డ్రైవింగ్ బోధకుల అనంతరశిక్షణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: మోటారు వాహనం నడపడం నేర్పేవారు అర్హత పొందిన తరువాత వారి వృత్తిజ్ఞానం ఎలా కొనసాగుతుంది, ఎవరు కొనసాగిస్తారు అన్న ప్రశ్నను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. నిజాం కాలపు బస్సు వ్యవస్థ, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1998 తరువాత హైటెక్ సిటీ పరిసరాల్లో వచ్చిన రహదారి, వాహన మార్పులు దీనికి ఆధారాలు. శిక్షకుడి జ్ఞానాన్ని ఒకసారి పరీక్షించి వదిలిపెట్టే చట్టదృష్టికీ, నిత్యం మారుతున్న రహదారికీ మధ్య ఏర్పడిన ఎడమే ఈ చర్చకు కేంద్రం.

కీలకపదాలు: డ్రైవింగ్ శిక్షకులు, అనంతరశిక్షణ, పునశ్చరణ, ఉస్తాదు, ఆర్టీసీ, సైబరాబాద్, ఐటీ కారిడార్, మోటారు వాహనాల చట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'నడుచు' ధాతువుకు ప్రేరణరూపం 'నడుపు'. 'నేర్చు' ధాతువుకు ప్రేరణరూపం 'నేర్పు'. వాహనం నడపడం నేర్పే మనిషి పనిలో ఈ రెండు ప్రేరణరూపాలూ కలుస్తాయి. పైగా 'నేర్పు' అన్న మాటకు క్రియగా బోధించడమనీ, నామవాచకంగా నైపుణ్యమనీ రెండర్థాలున్నాయి. భాషలో ఇంత దగ్గరగా ఉన్న ఈ రెండర్థాలూ చట్టంలో మాత్రం విడివిడిగా ఉన్నాయి. నీకు నేర్పు ఉందా అని ప్రభుత్వం శిక్షకుణ్ణి పనిలో చేరేనాడు అడుగుతుంది. ఆ తరువాత అతడు ముప్ఫై ఏళ్లు నేర్పినా ఆ ప్రశ్న మళ్లీ రాదు.

అర్హత పొందిన తరువాత కూడా వృత్తిలో ఉన్నంతకాలం క్రమపద్ధతిలో సాగే అధ్యయనాన్ని ఈ వ్యాసంలో 'అనంతరశిక్షణ' అని వ్యవహరిస్తున్నాను. విశ్వవిద్యాలయాల్లో వాడుకలో ఉన్న 'పునశ్చరణ తరగతులు' అన్న మాట దీనిలో ఒక భాగం మాత్రమే. పునశ్చరణ అంటే తెలిసినదాన్ని మళ్లీ నెమరువేయడం. డ్రైవింగ్ శిక్షకుడి విషయంలో కొన్నిసార్లు తెలిసినదాన్ని వదులుకోవలసి కూడా వస్తుంది. ఆ సంగతి నాలుగో భాగంలో వివరిస్తాను.

2. ఉస్తాదు, క్లీనరు

తెలంగాణలో మోటారు విద్య తొలినాళ్లలో బడి ద్వారా రాలేదు. మెకానిక్ షెడ్డులోనూ, లారీ క్యాబిన్‌లోనూ అది ఒకరి నుంచి ఒకరికి అందింది. నేర్పేవాణ్ణి 'ఉస్తాదు' అన్నారు. పారసీకం నుంచి ఉర్దూలోకి, అక్కడినుంచి హైదరాబాదు తెలుగులోకి వచ్చిన ఈ మాట సంగీత గురువుకూ, కుస్తీ గురువుకూ, బండి గురువుకూ ఒకటే. నేర్చుకొనేవాడు క్లీనరుగా చేరి, బండి కడిగి, టైర్లు మార్చి, రాత్రివేళ డ్రైవరుకు నిద్ర రాకుండా మాటలు చెబుతూ, కొన్నేళ్లకు ఖాళీ దారిలో స్టీరింగు అందుకొనేవాడు. ఎడ్లబండికి వాడిన 'తోలడం' అన్న క్రియ మోటారు బండికీ అలాగే సంక్రమించింది. 'కారు తోలుతున్నడు' అనే ప్రయోగం తెలంగాణ పలుకుబడిలో నేటికీ ఉంది.

ఈ పద్ధతిని నాటుపద్ధతి అని కొట్టిపారేయడం తొందరపాటు. దానిలో ఒక బలం ఉంది. ఉస్తాదు తానే రోజూ బండి నడిపేవాడు. కొత్త ఇంజన్ వస్తే దాన్ని విప్పి చూసేవాడు. రోడ్డు మారితే ఆ మార్పు అతడి ఒంటికి తెలిసేది. అంటే అతడి అనంతరశిక్షణ అతడి జీవనోపాధిలోనే ఇమిడి ఉండేది. బలహీనత కూడా అక్కడే ఉంది. ఉస్తాదుకు తెలిసిన తప్పు శిష్యుడికి యథాతథంగా సంక్రమించేది. దాన్ని సరిదిద్దే మూడో మనిషి ఉండేవాడు కాదు.

ఆ మూడో మనిషిని సంస్థాగతంగా ప్రవేశపెట్టే అవకాశం మన ప్రాంతంలో ప్రజారవాణాతో కలిగింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఒకే యాజమాన్యం కింద వందల మంది, తరువాత వేలమంది డ్రైవర్లు పనిచేసేటప్పుడు ప్రమాదం వ్యక్తిగత దురదృష్టం కాకుండా సంస్థ లెక్కలోకి వస్తుంది. నష్టపరిహారం సంస్థే చెల్లించాలి కాబట్టి నేర్పడం కూడా సంస్థ బాధ్యత అవుతుంది. హకీంపేటలోని ఆర్టీసీ సిబ్బంది శిక్షణ కళాశాల, డిపోలలోని 'సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్' పదవి ఈ అవసరం నుంచి వచ్చినవే. ఆర్టీసీ కార్మికులు 'ఎస్‌డీఐ' అని పిలిచే ఈ ఉద్యోగి కొత్తవారికి బస్సు నేర్పి ఊరుకోడు. ప్రమాదం చేసిన డ్రైవరును మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడతాడు, పక్కన కూర్చొని నడక చూస్తాడు. పై స్థాయి శిక్షణకు 1967లో స్థాపితమైన పుణెలోని కేంద్రీయ రోడ్డు రవాణా సంస్థ ఉంది. నేర్పేవాడికి కూడా నేర్పేవాడు ఉండాలన్న భావన తెలుగునేలపై ఒక వ్యవస్థగా కనిపించేది ఇక్కడే.

అయితే ఇది బస్సు లోకానికి పరిమితమైంది. వీధి చివర డ్రైవింగ్ స్కూలు దీనికి వెలుపలే ఉండిపోయింది.

3. 1989 నియమావళిలో శిక్షకుడు

1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ డ్రైవింగ్ స్కూళ్లకు లైసెన్సు విధానాన్ని నిర్దేశించింది. అదే ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 24 నుంచి 31 వరకు ఉన్న నియమాలు ఆ విధానాన్ని వివరిస్తాయి. శిక్షకుడికి పదో తరగతి ఉత్తీర్ణత, అయిదేళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటారు మెకానిక్స్‌లో ధ్రువపత్రం లేదా అంతకుమించిన మెకానికల్ ఇంజనీరింగ్ అర్హత ఉండాలి. ట్రాఫిక్ చిహ్నాలు తెలియాలి. వాహనభాగాల పనితీరు చూపించి చెప్పగలగాలి. స్కూలు బండికి శిక్షకుడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి.

ఈ నియమాలను తెలుగు సాహిత్య విద్యార్థి చదివితే ఒక విషయం తట్టకమానదు. ఇందులో శిక్షకుణ్ణి వర్ణించిన తీరు మెకానిక్‌ను వర్ణించిన తీరు. బోధన అన్నది వేరే విద్య అన్న స్పృహ అక్షరాలలో కనిపించదు. భయపడే విద్యార్థికి ఎలా చెప్పాలి, ఎప్పుడు మాట్లాడకూడదు, తప్పును ఏ క్షణంలో ఆపాలి, ఏ క్షణంలో జరగనివ్వాలి అన్న విషయాలు అర్హతలలో లేవు. ఉస్తాదు నీడ ఇంకా పోలేదనిపిస్తుంది.

లెక్కల విషయంలో మాత్రం నియమావళి నిక్కచ్చిగా ఉంది. తేలికపాటి వాహనానికి శిక్షణ 21 రోజులకు తగ్గరాదు. అందులో స్వయంగా నడిపే సమయం 10 గంటలకు తగ్గరాదు. రవాణా వాహనాలకు 30 రోజులు, 15 గంటలు. చేరినవారి పట్టిక ఫారం 14లో, ఒక్కొక్కరు నడిపిన గంటలు ఫారం 15లో రాయాలి. స్కూలు లైసెన్సు అయిదేళ్లకు చెల్లుతుంది. పునరుద్ధరణకు ఫారం 13. ఆ అయిదేళ్లలో శిక్షకుడు ఏమి నేర్చుకొన్నాడని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

4. కారిడార్‌లో మారిన రోడ్డు, మారిన బండి

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. ఆ తొలి సంవత్సరాల్లో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు వెడల్పుగా వేసిన రోడ్లపై బండ్లు తక్కువ. డ్రైవింగ్ నేర్పడానికి అంతకంటె అనువైన చోటు నగరంలో ఉండేది కాదు. ఉద్యోగం కోసం కోస్తా జిల్లాల నుంచీ, రాయలసీమ నుంచీ, ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చినవారు మొదటి జీతాల తరువాత కారు కొనాలనుకొన్నారు. అంతవరకు ఇంట్లో ఎవరూ కారు నడపని కుటుంబాలవి. అందుచేత తండ్రో, అన్నో నేర్పే అవకాశం లేక డ్రైవింగ్ స్కూలే వారికి ఆధారమైంది. ఆఫీసు వేళలకు ముందు ఎల్ బోర్డు తగిలించుకొని కొండాపూర్, మాదాపూర్ కాలనీల్లో మెల్లగా తిరిగే చిన్న కార్లు ఆ దశ నుంచే ఈ ప్రాంతపు ఉదయాల్లో భాగం.

పాఠం నడిచే భాష కూడా ప్రత్యేకమైంది. 'రేస్ ఇవ్వండి', 'హాఫ్ క్లచ్‌లో పెట్టండి', 'లెఫ్ట్ కొట్టండి' అన్న తెలుగు–ఇంగ్లీషు కలగలుపు ఆదేశాలకు మధ్య దక్కనీ ఉర్దూ తొంగిచూస్తుంది. శిక్షకుడు విద్యార్థినిని 'మేడమ్' అంటాడు, ఆమె అతణ్ణి 'అన్నా' అంటుంది, లేదా 'సర్' అంటుంది. ఉస్తాదు–శాగిర్దు సంబంధంలోని తిట్టుకూ దెబ్బకూ ఇక్కడ తావు లేదు. ఫీజు ఇచ్చేవారు విద్యార్థులు. చదువులో, జీతంలో తరచు శిక్షకుడి కంటె పైనున్నవారు. ఈ తారుమారు స్థితిలో గట్టిగా దిద్దడం ఎలాగో శిక్షకుడు తనంతట తానే కనిపెట్టుకోవలసి వచ్చింది.

ఇక బండి సంగతి. క్లచ్ లేని ఆటోమేటిక్ కార్లు పెరిగాక 'హాఫ్ క్లచ్' పాఠమే అనవసరమైన విద్యార్థులు వచ్చారు. అంతకంటె ముఖ్యమైన మార్పు బ్రేకులో జరిగింది. పాత బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకొని బండి జారుతుంది. అందుకని శిక్షకులు 'ఒకేసారి తొక్కొద్దు, తొక్కి వదులు, తొక్కి వదులు' అని తరతరాలుగా చెప్పారు. ఆ మాట అప్పటి బండికి సరైనదే. 2018 ఏప్రిల్ నుంచి కొత్త నమూనా కార్లకూ, 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఈ బండిలో ఆపద ఎదురైనప్పుడు బ్రేకును పూర్తిగా తొక్కిపట్టి, స్టీరింగుతో అడ్డును తప్పించుకోవాలి. పెడల్ కాలి కింద అదిరినా వదలకూడదు. పాత పాఠం విన్నవాడు సరిగ్గా అవసరమైన క్షణంలో బ్రేకు వదిలేస్తాడు. నిన్నటి మంచి బోధ నేటి ప్రమాదహేతువు కావడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

2019 జూలై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక, వెనుక పార్కింగ్ సెన్సర్లు కొత్త కార్లలో తప్పనిసరి అయ్యాయి. గడియారంలో పది, రెండు అంకెల చోట చేతులు పెట్టమనే పాత సూత్రం ఎయిర్‌బ్యాగ్ వచ్చాక తొమ్మిది, మూడు దగ్గరికి దిగింది. బ్యాగు విచ్చుకొనేటప్పుడు పైనున్న చేతులు ముఖానికి కొట్టుకొనే ప్రమాదం ఉండటమే కారణం. చిన్న విషయమే. కానీ ఈ చిన్న విషయాన్ని కాలనీ చివరి స్కూలులో పదిహేనేళ్లుగా నేర్పుతున్న శిక్షకుడికి ఎవరు చెప్పాలి? కారు అమ్మిన డీలరు కొన్నవారికి చెబుతాడు. శిక్షకుడు చాలా సందర్భాల్లో విద్యార్థి కొత్త కారులో కూర్చొన్నప్పుడే ఆ మార్పులను మొదటిసారి చూస్తాడు.

రోడ్డు కూడా నిలకడగా లేదు. 2008లో బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం తెరుచుకొంది. 158 కిలోమీటర్ల ఆ రహదారిపై కార్ల గరిష్ఠవేగాన్ని 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2019 నవంబరు 4న ప్రారంభమైన బయోడైవర్సిటీ కూడలి పైవంతెన నుంచి అదే నెల 23న అదుపుతప్పిన కారు ఒకటి కిందపడింది. కింద రోడ్డు పక్కన ఉన్న ఒక మహిళ మరణించారు. వంతెనను మూసివేసి, రక్షణ ఏర్పాట్లు చేసి, 2020 జనవరిలో తిరిగి తెరిచారు. ఆ ఘటనను ఏ శిక్షకుడి లోపంగానో చూపడం అన్యాయం. అయితే ఎత్తుపై మలుపు తిరిగే వంతెన, లేన్ల వారీగా వేగం మారే రహదారి, అటునుంచి ఇటు కలిసే ర్యాంపు – ఇవి ఒక స్కూలు లైసెన్సు రెండు పునరుద్ధరణల మధ్యకాలంలోనే ఈ ప్రాంతానికి వచ్చిన కొత్త పాఠాలు. పది గంటల పాఠాన్ని కాలనీ వీధుల్లోనే ముగించే అలవాటు వీటిని తాకదు. బ్రిటన్‌లో కూడా నేర్చుకొనేవారిని, అర్హుడైన శిక్షకుడు పక్కనుండగా, రెండు వైపులా పెడళ్లున్న కారులో మోటార్‌వేలపైకి అనుమతించింది 2018 జూన్ 4 నుంచే. వేగమార్గంపై నేర్పడం వేరొక విద్య అని అక్కడ ఆలస్యంగానైనా గుర్తించారు.

చట్టం మారడం మరొకటి. ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చితే పోలీసులు, కోర్టులు అంటూ తిరగవలసి వస్తుందన్న భయం జనంలో బలంగా ఉండేది. 2016 మార్చి 30న సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు సహాయకుల రక్షణకు ఉద్దేశించిన మార్గదర్శకాలను ఆమోదించింది. 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్ ఆ రక్షణను చట్టంలోకి తెచ్చింది. ప్రథమచికిత్స పాఠంలో ఈ ఒక్క మాట చేర్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఎవరి ప్రాణమైనా నిలబెట్టవచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మరణాలు 1,68,491 అని కేంద్ర రవాణాశాఖ నివేదిక చెబుతోంది.

5. పునశ్చరణ ఎవరికి?

భారతీయ చట్టానికి పునశ్చరణ అన్న భావన తెలియదనడానికి వీల్లేదు. పెట్రోలు, రసాయనాల వంటి ప్రమాదకర సరుకులు తీసుకువెళ్లే డ్రైవరు లైసెన్సు పునరుద్ధరణకు ఒకరోజు పునశ్చరణ తరగతి తప్పనిసరి అని 1988 చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. ఆ లైసెన్సు మొదట ఏడాదికే చెల్లేది. 2019 సవరణ దాన్ని మూడేళ్లు చేసింది. మద్యం సేవించి వాహనం నడిపి పట్టుబడినవారికి గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో కౌన్సెలింగ్ తరగతి ఉంటుంది. ట్యాంకరు డ్రైవరుకు తరగతి ఉంది, తాగి నడిపినవాడికి తరగతి ఉంది. వేలమందికి మొదటిసారి స్టీరింగు అప్పగించే మనిషికి మాత్రం లేదు.

ఈ వైరుధ్యం ఐటీ కారిడార్‌లో మరింత ప్రస్ఫుటమవుతుంది. 1981లో భారతీయ ఇంజనీర్ల సంస్థ స్థాపించిన ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా గచ్చిబౌలిలోనే ఉంది. ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్లకు నిరంతర శిక్షణ ఇవ్వడమే దాని ప్రధాన వృత్తి. అదే దారిలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులకు పునశ్చరణ తరగతులు జరుగుతాయి. ఆ తరగతులు పూర్తిచేయకుండా మాబోటి సహాయాచార్యులకు పదోన్నతి రాదు. వెనుకసీట్లో ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టుకొని డ్రైవింగ్ నేర్చుకొనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఏటా ఏదో ఒక కొత్త ధ్రువపత్రం సంపాదించవలసినవాడే. ఆ కారులో చదువు ముగిసిపోయిందని చట్టం భావించేది పక్కసీటులోని గురువు విషయంలోనే.

జర్మనీలో డ్రైవింగ్ శిక్షకుల చట్టం ప్రకారం ప్రతి శిక్షకుడూ నాలుగేళ్లకొకసారి మూడురోజుల అనంతరశిక్షణ పూర్తిచేయాలి. బ్రిటన్‌లో శిక్షకుల నమోదు 1964లో స్వచ్ఛందంగా మొదలై 1970లో తప్పనిసరి అయింది. అక్కడ నాలుగేళ్ల నమోదుకాలంలో శిక్షకుడు పాఠం చెబుతుండగా పరీక్షాధికారి వెనుక కూర్చొని చూసే ప్రమాణపరీక్ష ఉంటుంది. 2014 నుంచి అమలులో ఉన్న ఈ పద్ధతిలో చూసేది శిక్షకుడు బండి ఎంత బాగా నడుపుతాడని కాదు, ఎదుటివాడికి ఎంత బాగా తెలియజెబుతాడని. అనంతర అధ్యయనం మాత్రం అక్కడ స్వచ్ఛందమే. ఈ రెండు దేశాల పద్ధతుల్లో మన పరిస్థితికి దగ్గరైనది బ్రిటన్ పరీక్ష అని నా అభిప్రాయం. తరగతి గదిలో మూడురోజులు కూర్చొంటే మన చిన్న స్కూలు శిక్షకుడికి మూడురోజుల ఆదాయం పోతుంది. రోజూ చెప్పే పాఠం మధ్యలోనే జరిగే పరిశీలనకు ఆ నష్టం లేదు. పైగా ఆర్టీసీ ఎస్‌డీఐ పక్కన కూర్చొని చూసే అలవాటు మనకు కొత్తదేమీ కాదు.

6. 2021 తరువాత

2019 సవరణ చట్టం 12వ సెక్షన్‌కు అక్రిడిటెడ్ డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల భావనను జోడించింది. వాటి నియమాలు 2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ కేంద్రాల్లో సిమ్యులేటరు, ప్రత్యేక ట్రాకు ఉండాలి. తేలికపాటి వాహనం కోర్సు నాలుగు వారాలకు మించకుండా 29 గంటలు. అందులో 8 గంటలు సిద్ధాంతం, 21 గంటలు సాధన. శిక్షకుడి విద్యార్హత పదో తరగతి నుంచి పన్నెండుకు పెరిగింది. ఇక్కడ ఉత్తీర్ణులైనవారికి రవాణాశాఖ డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. ఈ చివరి అంశం తేలికైనది కాదు. ఇంతకాలం శిక్షకుడి లోపాన్ని పరీక్షాధికారి కొంతైనా పట్టుకొనే అవకాశం ఉండేది. పరీక్ష తొలగిన చోట శిక్షకుడి నిర్ణయమే తుది నిర్ణయం అవుతుంది. అతడి జ్ఞానం ఏనాటిదన్న ప్రశ్నకు ఇంతకుముందు లేని బరువు వస్తుంది.

తెలంగాణలో సిరిసిల్ల సమీపాన మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో డ్రైవింగ్ శిక్షణ సంస్థ నడుస్తోంది. హకీంపేటలో ఆర్టీసీకి దశాబ్దాల అనుభవం ఉంది. కంపెనీలు నడిపే డ్రైవింగ్ స్కూళ్లు తమ శిక్షకులను తామే తీర్చిదిద్దుకోగలవు. ఇబ్బంది ఒకటి రెండు కార్లతో నడిచే స్కూళ్లది. శిక్షకుడే యజమాని, అతడే గుమాస్తా, అతడే మెకానిక్. ఏబీఎస్ గురించి అతడికి చెప్పవలసింది ఎవరన్న ప్రశ్నకు ఇప్పటి సమాధానం యూట్యూబు, తోటి శిక్షకుడు, లేదా అన్నీ చదువుకొని వచ్చిన విద్యార్థి. విద్యార్థి నుంచి గురువు నేర్చుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. దానిమీదే పూర్తిగా ఆధారపడవలసి రావడం మాత్రం వ్యవస్థ లోపం.

12వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం కేంద్రప్రభుత్వానిది. అనంతరశిక్షణను పునరుద్ధరణ షరతుగా మార్చాలంటే కదలవలసింది ఢిల్లీలో. అయితే శిక్షకులను ఏటా ఒక ఉదయం పిలిచి, కొత్త బ్రేకునూ, కొత్త వంతెననూ, కొత్త సెక్షన్‌నూ చూపడానికి రాష్ట్ర రవాణాశాఖకు ఆ మార్పు వచ్చేదాకా ఆగవలసిన పనిలేదు. కొండాపూర్ రవాణా కార్యాలయంలో పరీక్షల ట్రాకు ఉంది. సెలవురోజున అది ఖాళీగానే ఉంటుంది. నియమం మార్చేటప్పుడు ఫారం 15 నమూనా అక్కరకు వస్తుంది: విద్యార్థి నడిపిన ప్రతి గంటకూ అందులో తేదీ, సమయం నమోదవుతాయి. అలాంటి పుస్తకమే శిక్షకుడి పేరున ఒకటి తెరిచి, ఫారం 13తో పాటు జతపరచమని అడగవచ్చు.